ఒకే యుద్ధం, నాలుగు రిజిస్టర్లు

1942 జనవరి 16. ఫిలిప్పీన్స్‌లోని బటాన్ ద్వీపకల్పం, కూలిస్ అనే ఊరి దగ్గర. జోసే కలుగాస్ అక్కడ ఒక ఫిరంగి దళానికి మెస్ సార్జెంట్, అంటే వంటశాల పెద్ద. బియ్యం ఎంత ఉంది, ఎంతమందికి సర్దాలి అన్నది ఆయన పని. కాస్త దూరంలో వేరే దళం వాళ్ల ఫిరంగి ఒకటి ఉండేది. జపాన్ బాంబులు, గుండ్లు దాని మీద ఆగకుండా పడ్డాయి. ఫిరంగి మూగబోయింది. దాన్ని నడిపేవాళ్లలో కొందరు చనిపోయారు, మిగతావాళ్లు గాయపడ్డారు. కలుగాస్‌ని ఎవరూ వెళ్లమనలేదు. గుండ్లు పడుతున్న నేల మీదుగా వెయ్యి గజాలు పరిగెత్తి అక్కడికి చేరాడు. ముందుకొచ్చిన కొందరిని కూడగట్టి, ఫిరంగిని మళ్లీ పనిలోకి తెచ్చి, శత్రువు మీద కాల్పులు మొదలుపెట్టాడు.

ఇందుకు అమెరికా ప్రభుత్వం మెడల్ ఆఫ్ ఆనర్ ప్రకటించింది. ఆ దేశ సైన్యంలో దానికి మించిన పతకం లేదు. అయితే అది చేతికొచ్చేసరికి 1945. ఆలోపు ఆయన బందీ అయ్యాడు, జపాన్ సైన్యం బందీల్ని ఎండలో నడిపించి చంపిన బటాన్ మృత్యుయాత్రలో నడిచాడు, శిబిరం నుంచి విడుదలై జపాన్ వాళ్ల అజమాయిషీలో ఉన్న రైసు మిల్లులో పనిచేస్తూనే గుట్టుగా గెరిల్లాలతో కలిశాడు. యుద్ధం తర్వాత అమెరికా సైన్యంలో ఆఫీసరయ్యాడు. 1957లో కెప్టెన్‌గా రిటైరై వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో కుటుంబంతో స్థిరపడ్డాడు. పదేళ్లప్పుడు తల్లి పోతే, ఇల్లు గడవడానికి హైస్కూలు చదువు మధ్యలో వదిలేసిన మనిషి ఆయన. యాభై దాటాక, 1961లో, యూనివర్సిటీ ఆఫ్ ప్యూజెట్ సౌండ్‌లో బిజినెస్ డిగ్రీ పూర్తిచేశాడు. బోయింగ్‌లో ఉద్యోగం చేశాడు. 1998 జనవరిలో, తొంభై ఏళ్ల వయసులో టకోమాలోనే కన్నుమూశాడు.

ఫిలిప్పీన్స్ సైనికుడు అమెరికాలో స్థిరపడ్డాడు అనగానే మనం ఊహించుకునే కథ అచ్చం ఇలాగే ఉంటుంది. కానీ కలుగాస్ పక్కనే నడిచిన వేలమందికి ఇందులో ఏదీ దక్కలేదు. పెన్షన్ లేదు, చదువుకు సాయం లేదు, పౌరసత్వం లేదు. కొందరు అమెరికా చేరారు గానీ, అప్పటికి వాళ్లకి డెబ్బై దాటింది. తేడా ధైర్యంలో లేదు. పేరు ఏ రిజిస్టరులో రాసి ఉందన్న దాంట్లో ఉంది.

అసలు ఫిలిప్పీన్స్ వాళ్లు అమెరికా సైన్యంలోకి ఎలా వచ్చారు? 1898లో స్పెయిన్‌తో ఒప్పందం చేసుకుని, 2 కోట్ల డాలర్లిచ్చి అమెరికా ఆ దీవుల్ని తీసుకుంది. అక్కడి జనం అమెరికా జెండా కింద బతికారు గానీ పౌరులు కాలేదు. 1934లో అమెరికా కాంగ్రెస్ పదేళ్ల గడువు తర్వాత స్వాతంత్ర్యం ఇస్తామని చట్టం చేసింది. అందులోనే ఇంకో మెలిక పెట్టింది: 1934 నుంచే ఏడాదికి 50 మంది ఫిలిప్పీన్స్ వాళ్లే అమెరికాకు వలస రావచ్చు. జెండా మనదే, గుమ్మం మాత్రం మూసే ఉంటుంది అన్నమాట.

1941 జులై 26న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక సైనిక ఆజ్ఞ జారీ చేశాడు. ఫిలిప్పీన్స్ కామన్వెల్త్ ప్రభుత్వపు (స్వాతంత్ర్యం వచ్చేదాకా అమెరికా కింద నడిచిన స్థానిక ప్రభుత్వం) సైన్యాన్నంతా అమెరికా సాయుధ దళాల సేవలోకి పిలుస్తున్నట్టు దాని సారాంశం. పైన అధికారి జనరల్ మెకార్థర్. ఆ డిసెంబరులో జపాన్ దాడి జరిగేనాటికి ఈ సైన్యంలో చాలామందికి సరైన శిక్షణ లేదు, కొందరికి బూట్లు కూడా లేవు.

రిజిస్టర్ల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే మిగతా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మొదటిది ఫిలిప్పీన్ స్కౌట్స్. 1901లో మొదలైంది. సైనికులు స్థానికులే అయినా ఇది నేరుగా అమెరికా సైన్యంలో భాగం. కలుగాస్ 1930లో చేరింది ఇందులోనే. రెండోది కామన్వెల్త్ సైన్యం, రూజ్‌వెల్ట్ ఆజ్ఞతో వచ్చింది. మూడోది గెరిల్లాలు, వాళ్లలోనూ తర్వాత అమెరికా సైన్యం గుర్తింపు ఇచ్చినవాళ్లు. నాలుగోది కొత్త స్కౌట్స్. వీళ్లని 1945 అక్టోబరు తర్వాత, యుద్ధం ముగిశాక కాపలా పనులకు తీసుకున్నారు. యుద్ధభూమిలో మొదటి మూడు రకాలనీ విడదీసి చూసినవాడు లేడు. గుండుకి రిజిస్టరు తెలియదు కదా.

బటాన్‌లో ఈ మనుషులంతా కలిసి ముందు ఆకలితో పోరాడారు. ఆ ద్వీపకల్పంలో సుమారు 80 వేలమంది సైన్యం ఇరుక్కుంది, వాళ్లతో పాటు పారిపోయి వచ్చిన ఇరవై వేలకు పైగా మామూలు జనం. తిండి అంతమందికి సరిపడా లేదు. లేకపోవడానికి కారణం ఇంకా బాధ కలిగిస్తుంది. కబనాటువాన్ గోదాముల్లో బియ్యం గుట్టలుగా ఉంది. కానీ ఒక జిల్లా బియ్యం ఇంకో జిల్లాకు తరలించకూడదని కామన్వెల్త్ ప్రభుత్వ నిబంధన. యుద్ధం నెత్తిన కూర్చున్నా ఆ నిబంధన పక్కకు పెట్టలేదు. బియ్యం అక్కడే మిగిలింది, సైన్యం ఇక్కడ చిక్కుకుంది.

జనవరి మొదటి వారంలోనే రేషన్ సగానికి కోశారు. మార్చి నెలాఖరుకి మనిషికి రోజుకు వెయ్యి కేలరీలు దొరికితే గొప్ప. అన్నం వండే రోజులు పోయి లుగావ్, అంటే మన గంజి లాంటిది, మిగిలింది. దున్నపోతుల్ని కోశారు, సామాను మోసే కంచర గాడిదల్ని కోశారు, అడవిలో కోతుల్ని కొట్టి తెచ్చారు. కలుగాస్ ఫిరంగి దగ్గరికి పరిగెత్తిన జనవరి 16నే, అదే ద్వీపకల్పంలో మోరోంగ్ దగ్గర స్కౌట్స్ 26వ అశ్వికదళం గుర్రాల మీద శత్రువు పైకి దూసుకెళ్లింది. అమెరికా సైన్యం చరిత్రలో గుర్రాల మీద జరిగిన చివరి దాడి అదేనంటారు. కొన్ని వారాలకు ఆ గుర్రాలు కూడా వంటశాలకే చేరాయి. మెస్ సార్జెంటుకి ఆ రోజులు ఎలా గడిచాయో ఊహించుకోవచ్చు. దీనికి తోడు మలేరియా, విరేచనాలు. క్వినైన్ నిండుకుంది.

ఏప్రిల్ 9న జనరల్ ఎడ్వర్డ్ కింగ్ లొంగిపోయాడు. బందీలు 70 వేలకు పైగా, వాళ్లలో అమెరికన్లు పది వేలకు అటూ ఇటూ, మిగిలిన అందరూ ఫిలిప్పీన్స్ వాళ్లే. ఈ నిష్పత్తి గుర్తుపెట్టుకోండి, అమెరికాలో చెప్పుకునే కథల్లో ఇది తరచు తలకిందులవుతుంది. మరివెలెస్ నుంచి శాన్ ఫెర్నాండో దాకా, సుమారు వంద కిలోమీటర్లు, ఏప్రిల్ ఎండలో నడిపించారు. పడిపోయినవాళ్లని పొడిచి చంపారు. దారిలో ఊళ్లవాళ్లు అరటాకుల్లో అన్నం ముద్దలు చుట్టి విసిరేవారు, పట్టుబడితే ప్రాణం మీదికి తెచ్చుకునేవారు. శాన్ ఫెర్నాండోలో గూడ్సు పెట్టెల్లో కుక్కారు, కాపాస్‌లో దింపి మళ్లీ నడిపించి ఓడొన్నెల్ శిబిరంలో పడేశారు. నడకలో వేలమంది పోతే, ఆ ఒక్క శిబిరంలో కొన్ని నెలల్లోనే ఇరవై వేలకు పైగా ఫిలిప్పీన్స్ సైనికులు పోయారు.

ఆ తర్వాత జపాన్ బందీల్లోని స్థానికుల్ని, ఇక యుద్ధం చేయబోమని ప్రమాణం చేయించుకుని వదిలేసింది. చాలామంది ఆ ప్రమాణాన్ని పక్కన పెట్టి కొండల్లోకి వెళ్లారు. గెరిల్లా యుద్ధం మూడేళ్లు నడిచింది. ఈ మూడేళ్లే తర్వాత కాగితాల చిక్కు తెచ్చాయి. గెరిల్లా అన్నవాడు పేరు రాసుకోడు. రాసిన కాగితం జపాన్ వాళ్లకి దొరికితే ఊరంతా పోతుంది. యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం గుర్తింపు కోసం దరఖాస్తులు పిలిస్తే పది లక్షలకు పైగా వచ్చాయి. రెండున్నర లక్షలకు కాస్త పైగా ఒప్పుకుని మిగతావి తోసేసి 1948లో పుస్తకం మూసేశారు.

తోసేసిన వాటిలో దొంగ దరఖాస్తులు లేవా అంటే, ఉన్నాయి. అన్నిటికన్నా పేరుమోసింది ఫెర్డినాండ్ మార్కోస్‌ది. తర్వాత ఫిలిప్పీన్స్ అధ్యక్షుడై ఇరవై ఏళ్లు ఏలిన ఆ మార్కోసే. ‘మహార్లికా’ అనే వేల మంది దళానికి తను నాయకుణ్ణని చెప్పుకున్నాడు. అమెరికా సైన్యం అప్పుడే విచారించి అది మోసమని ఫైల్లో రాసుకుంది. ఆ ఫైలు సంగతి 1986 దాకా బయటికి రాలేదు. అబద్ధం ఆడినవాడు అధ్యక్షుడయ్యాడు. నిజంగా అడవుల్లో తిరిగి, సాక్ష్యం చూపలేకపోయిన రైతు మాత్రం వరుసలో వెనకే ఉండిపోయాడు.

ఇక అసలు దెబ్బ. 1946 ఫిబ్రవరి 18న రిసిషన్ యాక్ట్ అనే చట్టం వచ్చింది. పైకి అది కేటాయింపుల వ్యవహారం: యుద్ధం అయిపోయింది కాబట్టి మిగిలిన డబ్బు వెనక్కి తీసుకోవడం. అందులో ఫిలిప్పీన్స్ సైన్యానికి 20 కోట్ల డాలర్లు ఇస్తూ, కింద ఒక షరతు చేర్చారు. కామన్వెల్త్ సైన్యంలో, గుర్తింపు పొందిన గెరిల్లా దళాల్లో చేసిన సేవను హక్కులు, సౌకర్యాల విషయంలో అమెరికా సైన్యంలో చేసిన క్రియాశీల సేవగా పరిగణించరాదని. మేలో ఇంకో చట్టంతో కొత్త స్కౌట్స్‌ని కూడా దీని కిందికి తెచ్చారు. అమెరికా సైనికుల చదువుకూ ఇళ్లకూ డబ్బిచ్చిన జీఐ బిల్లు వీళ్లకి అందలేదు. యుద్ధంలో కాలో చెయ్యో పోయినవాళ్లకి, చనిపోయినవాళ్ల కుటుంబాలకి మాత్రం కొంత పరిహారం మిగిల్చారు, అదీ డాలరుకు ఒక పెసో లెక్కన. అప్పట్లో డాలరుకి రెండు పెసోలు. అంటే సగం.

ఎందుకు చేశారు? అందరికీ సమానంగా ఇస్తే సుమారు 300 కోట్ల డాలర్లవుతుందని లెక్క తేలింది. జులై 4న ఫిలిప్పీన్స్‌కి స్వాతంత్ర్యం ఇస్తున్నాం, ఇక అది వేరే దేశం, అక్కడి జీవన ఖర్చు వేరు అన్నారు. ఈ వాదనలో జీవన ఖర్చు సంగతి వరకూ కొంత అర్థముంది. రేటు తగ్గించడం ఒక పద్ధతి. ‘మీరసలు మా సైన్యంలో పనిచేయలేదు’ అని చట్టంలో రాసుకోవడం ఇంకో పద్ధతి. నాకు రెండోదానికి సమర్థన ఎక్కడా కనబడలేదు. సంతకం పెట్టిన అధ్యక్షుడు ట్రూమన్‌కీ కనబడినట్టు లేదు. ఈ చట్టం వచ్చినంత మాత్రాన ఈ సైనికుల పట్ల అమెరికా నైతిక బాధ్యత తీరిపోదని రెండు రోజులకే ప్రకటన ఇచ్చాడు. సంతకం మాత్రం పెట్టేశాడు.

ఇంతవరకూ డబ్బు సంగతి. పౌరసత్వం సంగతి ఇంకో దారి, అందులో మొదటి రిజిస్టరువాళ్లూ చిక్కుకున్నారు.

1942లో అమెరికా కాంగ్రెస్ తమ సైన్యంలో పనిచేసే విదేశీయులకు తేలిగ్గా పౌరసత్వం ఇచ్చే చట్టం చేసింది. దరఖాస్తుకు గడువు 1946 డిసెంబరు 31. సైనికుడు ఉన్నచోటికే అధికారి వెళ్లి ప్రమాణం చేయిస్తాడు. మనీలాకు కూడా ఒక అధికారిని నియమించారు. అయితే సైనికులంతా వలస వెళ్లిపోతారేమోనని కాబోయే స్వతంత్ర ప్రభుత్వానికి బెంగ పట్టుకుందన్న కారణంతో 1945 అక్టోబరులో ఆ అధికారికి ఉన్న అధికారం తీసేశారు. మళ్లీ ఇచ్చింది 1946 ఆగస్టులో. మధ్యలో తొమ్మిది నెలలకు పైగా, చట్టం ఉంది, అర్హులున్నారు, సంతకం పెట్టేవాడు లేడు.

మార్సియానో హిబి అనే స్కౌట్ సరిగ్గా ఆ సందులో పడ్డాడు. 1941 ఫిబ్రవరిలో చేరాడు, జపాన్‌కి బందీ అయ్యాడు, 1945 ఏప్రిల్‌లో తిరిగి దళంలోకి వచ్చాడు, ఆ డిసెంబరులో సైన్యం నుంచి విడుదలయ్యాడు. అప్పటికి మనీలాలో అధికారి లేడు. 1964లో వ్యాపార పని మీద విజిటర్ వీసాతో మొదటిసారి అమెరికా వెళ్లి, నాకు రావలసిన పౌరసత్వం ఇవ్వండని దరఖాస్తు పెట్టాడు. కింది కోర్టులు ఆయన పక్షాన నిలిచాయి. 1973లో సుప్రీంకోర్టు 6–3తో కొట్టేసింది. గడువు గడువే, అధికారిని పెట్టకపోవడం ప్రభుత్వం చేతులు కట్టేసేంత తప్పేమీ కాదని చెప్పింది. కాంగ్రెస్ ఇవ్వదలచుకున్నదాన్ని అధికారులు కావాలని అడ్డుకున్నారని జస్టిస్ డగ్లస్ అసమ్మతి రాశాడు. కలుగాస్, హిబి ఇద్దరూ స్కౌట్సే. ఒకరు సైన్యంలోనే కొనసాగి ఆఫీసరయ్యాడు, ఒకరు పొరపాటు నెలలో ఇంటికెళ్లాడు.

1946 జులై 2న ట్రూమన్ ఇంకో చట్టం మీద సంతకం పెట్టాడు, దాన్ని లూస్–సెల్లర్ చట్టం అంటారు. ఫిలిప్పీన్స్ వాళ్లకి, మన భారతీయులకి పౌరసత్వం తీసుకునే హక్కు ఇచ్చింది అదే, చెరో దేశానికి ఏడాదికి వంద వీసాల కోటాతో. అప్పటిదాకా, 1923 నుంచి అక్కడే ఉన్న మన ఎల్లాప్రగడ సుబ్బారావు లాంటి శాస్త్రవేత్తకి కూడా పౌరసత్వానికి దారే లేదు. వందమంది కోటాలో బటాన్ సైనికుడికి చోటెక్కడ?

చివరికి తలుపు తెరిచింది 1990 వలస చట్టం. మన ఇళ్లల్లో రోజూ వినబడే హెచ్‌-1బి పుట్టిన చట్టం కూడా ఇదే. అందులోనే 405వ సెక్షన్, రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన ఫిలిప్పీన్స్ సైనికులకు పౌరసత్వం ఇస్తామంది. మొదట అమెరికా వచ్చి దరఖాస్తు చేసుకోవాలన్నారు, తర్వాత ఫిలిప్పీన్స్‌లోనూ ప్రమాణం చేయనిచ్చారు. పాతిక వేలమందికి పైగా పౌరులయ్యారు.

డెబ్బై దాటిన మనిషి, మనవలున్న ఇల్లు వదిలి, అప్పుచేసి టికెట్ కొనుక్కుని శాన్‌ఫ్రాన్సిస్కోకో లాస్ ఏంజిలిస్‌కో ఎందుకు వెళ్తాడు? చట్టం పౌరసత్వం ఇచ్చింది గానీ సైనికుడి పెన్షన్ ఇవ్వలేదు. 1946 షరతు అలాగే ఉంది. చేతికొచ్చేది ఎస్ఎస్ఐ ఒక్కటే, అంటే ఆస్తీ ఆదాయం లేని వృద్ధులకు అమెరికా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం. అందులో కొంత మిగిల్చి ఇంటికి పంపితే అక్కడ కుటుంబం గడుస్తుంది. అందుకని ఒక గదిలో నలుగురైదుగురు అద్దె పంచుకుని, ఒకే స్టవ్ మీద వంతులవారీగా అన్నం వండుకుని బతికారు. అలా కాక, ఊరికి వెళ్లి రావాలనుకుంటే ఇంకో చిక్కు: వరసగా 30 రోజులు దేశం బయట ఉంటే ఎస్ఎస్ఐ ఆగిపోతుంది. భార్య మంచాన పడినా, అన్న చనిపోయినా, నెల లోపు తిరిగి రావాల్సిందే. 1999లో చట్టం మార్చి, తిరిగి ఫిలిప్పీన్స్ వెళ్లి బతకదలచుకున్నవాళ్లకి ఎస్ఎస్ఐలో 75 శాతం అక్కడికే పంపే ఏర్పాటు చేశారు. కొందరు సంతోషంగా వెనక్కి వెళ్లారు.

పిల్లల్ని తెచ్చుకోవడం మరీ కష్టం. తండ్రి పౌరుడైనా, పెళ్లయిన కొడుకూ కూతురూ రావాలంటే వీసా వరుసలో నిలబడాలి. వరుస ఎక్కడిదాకా వచ్చిందో ప్రతి నెలా చెప్పే వీసా బులెటిన్‌లో ఇండియాకి వేరే గడి ఉన్నట్టే ఫిలిప్పీన్స్‌కీ వేరే గడి ఉంటుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ప్రయారిటీ డేట్ టెన్షన్ అంటే ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు. వీళ్ల వరుస ఇరవై ఏళ్లు దాటింది. తొంభై ఏళ్ల తండ్రికి ఇరవై ఏళ్లు ఆగమంటే అర్థమేముంది? 2016 జూన్‌లో, వరుస కదిలేలోపు పిల్లలు వచ్చి తల్లిదండ్రుల్ని చూసుకునేందుకు ఒక పెరోల్ పథకం, అంటే వీసా రాకముందే తాత్కాలికంగా దేశంలోకి రానిచ్చే ఏర్పాటు, మొదలుపెట్టారు. అప్పటికి మిగిలినవాళ్లు కొద్దిమందే.

ఈ మధ్యలో వీళ్లు ఊరికే కూర్చోలేదు. యూనిఫారాలు తొడుక్కుని, పతకాలు పెట్టుకుని, 1997లో వైట్ హౌస్ కంచెకి తమని గొలుసులతో కట్టేసుకున్నారు. చట్టాలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి: 2000లో అమెరికాలో ఉన్నవాళ్లకి జాతీయ శ్మశానాల్లో చోటు, అంగవైకల్య పరిహారం పూర్తి డాలరు లెక్కన, 2003లో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో వైద్యం. పూటకో ముద్ద విదిల్చినట్టు.

2009లో ఒబామా ప్రభుత్వపు ఉద్దీపన చట్టంలో 19.8 కోట్ల డాలర్ల నిధి పెట్టారు. పౌరులైన సైనికులకు 15 వేల డాలర్లు, కానివాళ్లకు 9 వేలు, ఒక్కసారి. పెన్షన్ కాదు. తీసుకుంటే ఇక ఆ సేవ పేరుతో అమెరికా ప్రభుత్వాన్ని కొత్తగా ఏమీ అడగనని ఒప్పుకున్నట్టే. 42 వేలకు పైగా దరఖాస్తులు వస్తే మంజూరైనవి 19 వేలకు లోపే. తిరస్కరించిన వాటిలో పెద్ద భాగానికి కారణం మళ్లీ అదే: సెయింట్ లూయిస్‌లో ఉన్న సైనిక రికార్డుల్లో పేరు దొరకలేదు. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్ చూపినా చెల్లలేదు. 1948లో మూసిన పుస్తకాన్నే 2009లో తెరిచి చూశారు.

2017 అక్టోబరు 25న వాషింగ్టన్‌లో, కాంగ్రెస్ భవనంలో, ఈ సైనికులందరికీ ఉమ్మడిగా కాంగ్రెషనల్ గోల్డ్ మెడల్ ఇచ్చారు. చక్రాల కుర్చీల్లో వచ్చినవాళ్లు, తండ్రి ఫొటో పట్టుకుని వచ్చిన పిల్లలు. సైనికుల్లో ఒకడైన సెలెస్టినో అల్మెడాకి అప్పటికి వందేళ్లు. కామన్వెల్త్ సైన్యంలో పనిచేశానని ఏళ్ల తరబడి కాగితాలు పెడుతూనే ఉన్నాడు, పేరు జాబితాలో లేదని ఏళ్ల తరబడి తిప్పి పంపుతూనే ఉన్నారు. అటు బంగారు పతకం వచ్చింది, ఇటు ఆ 15 వేల డాలర్ల దరఖాస్తు ఇంకా అప్పీలులోనే ఉంది. అది మంజూరయ్యేసరికి ఆయనకి నూరేళ్లు దాటాయి.